పచ్చ చుక్క

ఆత్మకూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను మా పాప స్కూలు గౌనుకు ఊడిన అంచు కుడుతున్నాను. "మిషనక్క పోయినాది మే, తెల్లారుజామున" అని మా అమ్మ చెప్పింది. ఫోను పక్కన పెట్టి, చేతిలో ఉన్న గౌను తిరగేసి కుట్టు వెనకవైపు చూశాను. శుభ్రంగానే ఉంది. అప్పుడు ఏడ్చాను.

మనిషి పోయిందని తెలిసి ముందు గౌను తిరగేయడం ఏమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళు అనుకోరు.

ఆమెకు పేరు లేదని కాదు. రేషను కార్డులో ఏదో ఉండే ఉంటుంది. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళను మాత్రం నేను చూడలేదు. నాకు ఆమె మిషనక్క, మా అమ్మకూ మిషనక్కే. నోట్లో పన్ను లేని మా అవ్వ కూడా ఆమెను "అక్కా, రవిక అయిందా?" అని అడిగేది. ఆమె కూడా ఏమాత్రం మొహమాటపడకుండా "కాలేదు, మళ్ళీ రాపో" అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పేది.

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో వాళ్ళకు మ్యాచింగ్ సెంటరు ఉండేది. ముందు గల్లాపెట్టె దగ్గర వాళ్ళాయన, ఆయన వెనక అరల నిండా జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్సులు. వెలుతురు పడే మూలలో ఆమె, ఆమె మిషను. గుడ్డ అమ్మడం ఆయన పని. అమ్మనీయకపోవడం ఆమె పని.

ఒక ఎండాకాలం చేజర్ల నుంచి ఒకామె వచ్చి తళతళలాడే గులాబీరంగు గుడ్డ బేరమాడింది. వాళ్ళాయన కత్తెర తీసుకుని కొలుస్తుండగా మూలలో మిషను ఆగింది. ఆ మిషను ఆగిందంటే వాళ్ళాయన గుండె ఆగినట్టే.

"ఎవరికిమే ఆ గుడ్డ?" అంది మిషనక్క.

"మనవరాలికక్కా. పావడా కుట్టించాల."

"ఈ ఎండల్లో నూనె గుడ్డతోనా? బిడ్డకు పావడా కుట్టిస్తావా, ఇడ్లీ పాత్రలో పెట్టి ఉడకేస్తావా?"

చేతిలో నిలవకుండా జారిపోయే పాలిస్టరు జాతి మొత్తాన్నీ ఆమె నూనె గుడ్డ అనేది. అమ్మేదీ వాళ్ళ షాపే, తిట్టేదీ ఆమే. చేజర్లామె గులాబీరంగు వదిలేసి, పక్కనున్న ముతక నూలుగుడ్డ చవగ్గా కట్టించుకుని వెళ్ళిపోయింది. వాళ్ళాయన కత్తెర కింద పెట్టి, మిషను పక్కన కుట్టు నేర్చుకుంటున్న నావైపు చూశాడు.

"ఊర్లో అందరికీ ఎదురుషాపోడు గిరాకీ చెడగొడతాడు. నాకు ఆ ఎదురుషాపు కూడా అక్కర్లేదమ్మా, ఇంట్లోనే ఉండాది."

చిత్రం ఏమిటంటే ఆ చేజర్లామే మళ్ళీ వారం తన ఊరి ఆడవాళ్ళను వెంటేసుకుని వచ్చింది. వాళ్ళాయన నోరు అలా మూతపడేది, మళ్ళీ మిషను ఆగేదాకా.

బట్ట ఎవరి ఒంటిమీద ఉన్నా సరే, దాన్ని తిరగేసి చూడకుండా ఆమె ఉండలేదు. పెళ్ళిళ్ళలో పలకరిస్తున్నట్టు దగ్గరకు వచ్చి, "బాగుండావా" అంటూనే కొంగు మడత తిప్పి వెనక కుట్టు చూసేది. "గుడ్డకు మొహం చూడబాక మే. మొహానికి ఎవురైనా పౌడరు పూస్తారు. వీపు చూడాల" అని నాకు చెప్పేది. ఒకసారి నెల్లూరు బస్సులో టికెట్టు కొడుతున్న లేడీ కండక్టరు చొక్కా చేతిని పట్టుకుని మణికట్టు దగ్గర మడత విప్పేసింది. ఆమె "ఏందిది? చెయ్యి తియ్!" అని అరిచింది. బస్సంతా ఇటే చూసింది. నేను కిటికీలోంచి దూకేద్దామా అనుకున్నాను. మిషనక్క మాత్రం అద్దాలు ముక్కు మీదికి దించి, "కింద దారం బొత్తిగా వదులు. వానాకాలం దాకా కూడా ఉండదు ఈ చెయ్యి. ఎవుడు కుట్టినాడు?" అని అడిగింది. ఆ అద్దాలకు ఒకవైపు కాడ విరిగిపోతే లంగా ఎలాస్టిక్కు కట్టుకుంది. అలాంటి మనిషి అలా అడిగితే కోపం ఎంతసేపు నిలుస్తుంది? కండక్టరు తన చేతి వంక తానే చూసుకుంది. ఆ తర్వాత ఆమె యూనిఫారాలన్నీ మా షాపుకే వచ్చేవి. మా షాపు అంటున్నాను చూశారా, అలవాటైపోయింది.

మెడలో టేపు ఎప్పుడూ ఉండేది. తాళిబొట్టు లోపల, టేపు పైన. దేవుడి గుడికి వెళ్ళినా తీసేది కాదు. బొడ్లో అగ్గిపెట్టె ఉండేది. కొత్తవాళ్ళు చూసి ఆమె చుట్ట కాలుస్తుందేమో అనుకునేవాళ్ళు. ఆ అగ్గిపెట్టె గుడ్డ జాతకం చెప్పడానికి. అంచునుంచి ఒక్క పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించి, ముక్కు దగ్గర పెట్టుకునేది. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, వేళ్ళమధ్య నలిపితే పొడైపోతే పట్టు. ముడుచుకుపోయి, ప్లాస్టిక్కు కంపు కొట్టి, చివరన నల్లటి గట్టి పూసలా మిగిలితే నూనె గుడ్డ. మా వీధిలో మీటింగు పెట్టిన ఒక నాయకుడు ఖద్దరు గురించి మాట్లాడుతుంటే, వెనక వరసలోంచి "ఆయన తొడుక్కున్నది ఖద్దరు కాదు, అంత ఎండలో కూడా ఇస్త్రీ నలగలా" అని పైకే అనేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమెకు అందులో నవ్వేదేముందో అర్థం కాలేదు. గుడ్డ విషయంలో అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదని ఆత్మకూరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. చీర కొనేముందు ఆమెకు చూపించనివాళ్ళు తక్కువ.

డిగ్రీ అయిపోయి సంబంధాల కోసం ఇంట్లో కూర్చున్న రోజుల్లో మా అమ్మ నన్ను ఆమె దగ్గర కుట్టుకు పంపింది. వెళ్ళిన వారంలోనే జాకెట్టు కుట్టేస్తాననుకున్నాను. ఆమె నాచేత చాలాకాలం చింకిగుడ్డల మీద గీతలే కుట్టించింది. పైన ఎర్రదారం, కింద బాబినులో తెల్లదారం ఎక్కించేది.

"గుడ్డ మీద తెల్ల చుక్కలు కనపడతా ఉండాయంటే పై దారం బిగువైంది, కింది దాన్ని పైకి లాగతా ఉండాది. తిరగేస్తే ఎర్ర చుక్కలు కనపడతా ఉండాయంటే పై దారం వదులైంది. రెండూ గుడ్డ నడిమధ్యలో కలుసుకోవాల. పైన చూసినోళ్ళకు కనపడకూడదు, కింద చూసినోళ్ళకూ కనపడకూడదు."

బాబిను కేసును దారంతో వేలాడదీసి చెయ్యి చిన్నగా కుదిపేది. అది సాలీడు దిగినట్టు కొంచెం దిగి ఆగాలి. దబ్బున జారితే చిన్న స్క్రూ బిగించాలి, అసలు కదలకపోతే వదులు చేయాలి. నాది మొదట్లో ప్రతిసారీ నేలమీద పడి గల్లాపెట్టె కిందికి దొర్లేది. వాళ్ళాయన కాలితో ఇవతలికి తోసేవాడు.

పై దారం బిగువు సరిచేసే మర మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆమె వాటి చోట నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టుకుంది. ఎర్ర చుక్క నూలుకు, గులాబీ చుక్క పట్టుకు, పచ్చ చుక్క నూనె గుడ్డకు. పచ్చ నెయిల్ పాలిష్ ఎక్కడ దొరికిందని అడిగితే, దాని కోసం తిరనాళ్ళలో అంగళ్ళన్నీ వెతికానని గర్వంగా చెప్పింది. తన గోళ్ళకు మాత్రం ఏ రంగూ వేసుకోగా నేను చూడలేదు.

ఇంతలో నాకు సంబంధం కుదిరింది. వరికుంటపాడు అవతల పల్లె. తండ్రి లేడు, తల్లీ కొడుకూ సేద్యం చేసుకుంటున్నారు. చూడ్డానికి వచ్చినప్పుడు అతని చొక్కా గుండీ ఒకటి వేరే రంగు దారంతో కుట్టి ఉండటం చూశాను. అలవాటు ఊరుకోదు కదా, ఎవరు కుట్టారని అడిగేశాను. "నేనే" అని అరచేతితో ఆ గుండీ కప్పుకున్నాడు. నాకు అక్కడే నచ్చాడు. మా అమ్మానాన్నలకూ నచ్చాడు. నచ్చనిది మా పెద్దనాయనకు. ఆయన మాట దాటి మా ఇంట్లో కూరగాయలు కూడా కొనరు.

"ఉదయగిరి కొండ అవతల రాళ్ళు తప్ప ఏముండాయిరా? పిల్లను ఆడికిస్తారా?" అని మా నాయన మీద ఎగిరేవాడు. ఆయన మనసులో నెల్లూరు దగ్గర ఇంకో సంబంధం ఉంది. నేను అడ్డం పడితే నోరు లేచిన పిల్ల అంటాడు. అందుకే ఏదో ఒక వంక దొరికేదాకా చూస్తున్నాడని తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ వంక నిశ్చయ తాంబూలాల రోజు ఆయనకు దొరికింది.

అబ్బాయి తల్లి పళ్ళెంలో చీర పెట్టింది. ముదురు మామిడిపండు రంగు, ఎర్ర అంచు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. పెద్దనాయన ముక్కుపొడుం పీల్చిన వేళ్ళతోనే చీర మడత పట్టుకుని నలిపాడు.

"పట్టేనా అమ్మా ఇది?"

"పట్టే అన్నా" అందామె. పళ్ళెంలో తమలపాకులు మళ్ళీ సర్దింది.

"పట్టని చెప్పి వేరేది పెట్టే ఇంటికి పిల్లనిచ్చేది లేదు. ముందే చెప్తా ఉండా. అనుమానం మనకెందుకు, మిషనక్క ఈడనే ఉండాది కదా. అక్కా, చూడు."

అందరూ జరిగి దారి ఇచ్చారు. మెడలో టేపుతో మిషనక్క వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది. చీర తిరగేసింది. అంచు నుంచి పోగు లాగింది. బొడ్లోంచి అగ్గిపెట్టె తీసింది. అబ్బాయి ఏమీ తెలియక నావైపు చూసి చిన్నగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పుల్ల వెలగగానే పోగు ముడుచుకుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. వాసన నాకు తెలిసిపోయింది. అన్ని నెలలు ఆమె దగ్గర కూర్చున్న ముక్కు అది. వెంట్రుకల వాసన కానే కాదు.

అయిపోయిందనుకున్నాను. ఈమె నోట అబద్ధం రాదు. నా పెళ్ళి ఒక పోగు చివర పూసయిపోయింది.

మిషనక్క ఆ పోగు చివరను, అది ఇంకా మెరుస్తూ ఉండగానే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. పొడి రాలుస్తున్నట్టు వేళ్ళు కొంగుమీద దులిపింది.

"పట్టే" అంది. "ఏందబ్బాయా నీ అనుమానం? మంచి పట్టు. ఇట్టాంటి నేత ఇప్పుడు యాడ దొరకతాది? నువ్వు పెట్టినావా ఎప్పుడైనా ఇంట్లో ఆడోళ్ళకు ఇట్టాంటిది?"

అబద్ధం కొత్తగా ఆడేవాళ్ళకు ఎక్కడ ఆపాలో తెలియదు. ఆమె ఇంకా చాలా చెప్పింది. జరీ గురించి, అద్దకం గురించి, మా పెద్దమ్మకు పండక్కి పెద్దనాయన తెచ్చిన చీర గురించి. పెద్దమ్మ వెనకనుంచి "బాగా చెప్పినావక్కా" అంది. ముక్కుపొడుంతో వాసన చచ్చిపోయిన ముక్కు పెద్దనాయనది. ఇంకేం చేస్తాడు? తాంబూలాలు అందుకున్నాడు.

మర్నాడు ఆ చీరలోని జాకెట్టు ముక్క పట్టుకుని షాపుకు వెళ్ళాను. వాళ్ళాయన ఆమె బొటనవేలికి టూత్‌పేస్టు రాస్తున్నాడు. వేలి కొస బొబ్బెక్కి ఉంది.

"ఇస్త్రీపెట్టె తగిలిందంట" అన్నాడు నాతో. "ఇస్త్రీపెట్టె అంత ఒడుపుగా వేలి కొసనే యెట్టా తగిలిందో!"

ఆమె వినిపించుకోలేదు. జాకెట్టు ముక్క అందుకుని కత్తిరించింది. సూది తీసి సన్నది వేసింది. గుడ్డ జారకుండా కింద న్యూస్‌పేపరు ముక్క పెట్టింది. తర్వాత బొబ్బ తగలకుండా రెండు వేళ్ళ పక్కలతో మర పట్టుకుని తిప్పింది. ఎర్ర చుక్క దాటింది. గులాబీ చుక్క దగ్గర ఆగలేదు. పచ్చ చుక్క దగ్గర ఆగింది.

"అక్కా, పట్టు అన్నావు కదా. పచ్చ చుక్క మీద పెట్టినావేంది?"

"నోటికి యేం చెప్పినా వింటాది మే. మిషనుకు చెప్తే వింటాదా? గులాబీ మీద కుడితే ముడతలు లేస్తాయి."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎందుకు చెప్పావని అడిగాను. మిషను తొక్కుతూనే చెప్పింది.

"మీ పెద్దనాయన చీర చూసినాడు. నేను పెట్టినామె చేతులు చూసినా. వణకతా ఉండాయి. మోసం చేసేదాని చేతులు వణకవు, లేనిదాని చేతులు వణకతాయి. ఇంక నీ మొహం చూస్తే చీర ఏదైనా పరవాలేదన్నట్టే ఉండాది. ఎవురికీ చెప్పబాక. ఆమెకు అసలు చెప్పబాక, సిగ్గుపడతాది."

చెప్పలేదు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక ప్రతి పండక్కీ అదే చీర కట్టుకున్నాను. దానిలో ఉడికిపోయాను కూడా. పట్టు కాని ఆ చీరకు ఒక్క గుణం ఉంది, చావదు. నిజమైన పట్టుచీరలు మడతల దగ్గర చిట్లిపోయాయి. అది మాత్రం ఈరోజుకీ పళ్ళెంలో ఉన్నప్పటిలాగే ఉంది.

మా అత్తకు ఒక వింత అలవాటు ఉండేది. రవిక కుట్టించాలంటే ఉదయగిరిలో బస్సు మారి ఆత్మకూరు దాకా వెళ్ళేది. "ఉదయగిరిలో లేరా టైలర్లు? వింజమూరులో లేరా? నేను కుట్టనా?" అని మూతి ముడుచుకునేదాన్ని. "ఆమె చెయ్యి పడితేనే నాకు సరిపోతాది" అనేది. వెళ్ళేటప్పుడు సంచినిండా తోటలో నిమ్మకాయలు తీసుకుపోయేది. అక్కడ ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేది కూడా లేదట. ఈమె ముక్కాలిపీట మీద కూర్చునేది, ఆమె కుట్టేది. సాయంత్రానికి తిరిగొచ్చేది.

ఫోను వచ్చిన రోజు విషయం చెప్పగానే అత్త బీరువా తెరిచింది. బోర్లలో నీళ్ళు పడి కాపు బాగా వచ్చిన ఏడు మా ఆయన ఆమెకు కొనిచ్చిన పట్టుచీర ఉంది, కట్టుకోవడానికి మనసొప్పక మడత కూడా విప్పలేదు. అది తీసి సంచిలో పెట్టుకుంది. ఇద్దరం ఆత్మకూరుకు బయలుదేరాం. బస్సు వింజమూరు దాటాక తనే మొదలుపెట్టింది.

"నీకొకటి చెప్పాల. తాంబూలాలకు పెట్టిన చీర పట్టు కాదు. తెలిసే కొన్నా. ఆ యేడు బోరు ఎండిపోయినాది. ఆమె అగ్గిపుల్ల గీసినప్పుడు నా పానం ఆడనే పోయింది. ఎందుకు కాపాడిందో ఇన్నేండ్లుగా అడగాలని పోతా ఉండా. పోయినప్పుడల్లా రవిక కుట్టించుకుని వచ్చేస్తా ఉండా, అడగలేక."

"నాకు తెలుసత్తా."

"ఏంది తెలిసేది?"

"పట్టు కాదని. ఆ రోజే వాసన తెలిసింది."

ఆమె నోరు తెరిచి నన్ను చూసింది. "తెలిసి ఇన్ని పండగలు కట్టినావా? ఆ ఎండల్లో?" అంది. ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ఈ నవ్వులేంటని ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆయన చూసేసరికి ఇద్దరి కళ్ళూ తడిగానే ఉన్నాయి.

షాపు ముందు టెంటు వేశారు. మిషనక్కను పడుకోబెట్టి తలాపున దీపం పెట్టారు. మెడలో టేపు అలాగే ఉంది, ఎవరూ తీయనట్టున్నారు. వాళ్ళాయన పక్కన కూర్చుని ఆ టేపు కొస వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నాడు. అత్త చీర మడత విప్పి ఆమె మీద కప్పింది. కప్పి లేవలేదు. అంచు నుంచి ఒక పోగు లాగి నా చేతిలో పెట్టింది.

"కాల్చు."

"అత్తా, అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ. ఆమెకు చూపించకుండా ఎట్ట కప్పేది? కాల్చు మే."

తలాపున దీపానికే అంటించాను. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. వేళ్ళమధ్య నలిపాను. పొడిపొడిగా రాలిపోయింది.

"పట్టే" అన్నాను. నాకే వినపడనంత మెల్లగా.

"గట్టిగా చెప్పు. ఆమెకు ఇనపడాల" అంది అత్త.

"పట్టే అక్కా!"

చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. వాళ్ళాయన టేపు వదిలేసి చెయ్యి చాపాడు.

"ఏదీ, చెయ్యి చూపించమ్మా" అన్నాడు.

చూపించాను. ఆయన నా బొటనవేలిని తిరగేసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని కొస చూశాడు.

"బొబ్బెక్కలా" అన్నాడు ఆమె వైపు తిరిగి. "ఈసారి నిజమేలే."